పెరట్లో కట్టెల ఓవెన్ కట్టాలి: ప్లాన్‌లో తప్పులుంటే చెప్పండి

కొత్తపొయ్యి:

పెరట్లో కట్టెలతో మండే ఓవెన్ కడదామని కాగితం మీద గీసుకున్నాను. తాపీ పని కాస్త వచ్చు, గుమ్మటం మాత్రం ఎప్పుడూ కట్టలేదు. శ్లాబ్ పోయలేదు, సామాను కొనలేదు. ఏం మార్చాలన్నా ఇప్పుడే మార్చొచ్చు కాబట్టి మొహమాటపడకుండా చెప్పండి.

కింద సిమెంట్ బ్లాకుల స్టాండు, దాని మీద 120 × 120 సెం.మీ. ఆర్‌సీసీ శ్లాబ్, మందం 12. శ్లాబ్ మీద నేరుగా పల్చగా మాలు వేసి ఫైర్ బ్రిక్స్ (వేడిని తట్టుకునే ఇటుకలు) పరుస్తాను. గుమ్మటం అర్ధగోళం, లోపలి వ్యాసం 90, ఎత్తు 45. మూతి 45 వెడల్పు, 36 ఎత్తు (పెద్ద గిన్నెలు కూడా పట్టాలని). పొగగొట్టం గుమ్మటం నడినెత్తిన. మాలు 1:4 సిమెంట్, ఇసుక. పైన 5 సెం.మీ. మట్టి పూత, దాని మీద సున్నం.

వాడకం: వారానికోసారి పిజ్జా, అదయ్యాక మిగిలిన వేడిలో రొట్టె.

ఇటుకలు ఎన్ని పడతాయి? కింద ఇన్సులేషన్ (వేడి దిగిపోకుండా ఆపే పొర) నిజంగా అవసరమా, లేక నేల ఎలాగూ మందంగా ఉంది కాబట్టి వదిలేయొచ్చా? కట్టాక ఎన్ని రోజులు ఆగి వెలిగించాలి?

ఇటుకలెక్క:

మొదట మూతి. గుమ్మటం లోపలి ఎత్తులో మూతి ఎత్తు 63 శాతం దగ్గర ఉండాలి. మీ 45కి అది 28 సెం.మీ. మీరు గీసిన 36 అంటే 80 శాతం. ఈ ఓవెన్‌లో గాలి లోపలికి పోయే దారీ పొగ బయటికొచ్చే దారీ ఒకటే. చల్లగాలి మూతి కింది భాగంలోంచి నేలను ఆనుకుని లోపలికి పాకుతుంది. వేడి పొగ గుమ్మటాన్ని అంటుకుని తిరిగి మూతి పైభాగంలోంచి బయటపడుతుంది. మూతి పై అంచుకన్నా ఎగువన ఉన్న జాగాలో వేడిగాలి బోర్లించిన బుట్టలో ఉన్నట్టు నిలిచిపోతుంది. 28 పెడితే ఆ పొర 17 సెం.మీ., 36 పెడితే 9. కట్టెలు రెట్టింపు వేసినా ఆ తేడా పూడదు. అలాగని 28కన్నా బాగా తగ్గిస్తే గాలి అందక మంట పొగచూరుతుంది. వెడల్పు 45 సరిపోతుంది. గిన్నె ఎత్తు ఎక్కువైతే గుమ్మటమూ మూతీ రెండూ పెంచాలి, మూతి ఒక్కటే పెంచితే కుదరదు.

పొగగొట్టం నడినెత్తిన వద్దే వద్దు. అక్కడ పెడితే వేడి తిన్నగా పైకి పోతుంది, గుమ్మటానికి పట్టదు. గొట్టం ఉండాల్సింది ముందు, మూతి బయట. మూతి ముందు 20 నుంచి 25 సెం.మీ. లోతున చిన్న వసారా లాంటిది కట్టి, దాని పైకప్పులోంచి గొట్టం లేపాలి. 90 వ్యాసానికి 15 సెం.మీ. గొట్టం, ఎత్తు కనీసం 1 మీటరు. లోపలి ఆర్చి (గుమ్మటం మూతిది) కన్నా బయటి ఆర్చిని (వసారా ముందుది) చుట్టూ 2, 3 సెం.మీ. పెద్దగా కట్టండి. అప్పుడు తలుపు బయటి ఆర్చిలోంచి దూరి లోపలి ఆర్చి అంచుకు ఆనుకుని ఆగుతుంది. తలుపు పెట్టగానే గొట్టం తలుపుకి బయటివైపు ఉండిపోతుంది, వేడి లోపల బందీ అవుతుంది. మీరనుకునే రొట్టె ఈ 3 సెం.మీ. మెట్టు మీద ఆధారపడి ఉంది. రెండు ఆర్చీల మధ్య 5 మి.మీ. సందు వదిలి సిరామిక్ ఫైబర్ (వేడిని తట్టుకునే పోగుల) తాడు కూరండి. లోపలిది వేడికి పెరుగుతుంది, బయటిది అంతగా పెరగదు. సందు లేకపోతే బయటి ఆర్చి మొదటి నెలలోనే పగులుతుంది.

ఇప్పుడు నేల. "నేల ఎలాగూ మందంగా ఉంది" అన్నారు, అదే అసలు ఇబ్బంది. కాంక్రీటు వేడిని ఆపదు, లాక్కుంటుంది. గుమ్మటం కింద 12 సెం.మీ. శ్లాబ్ మొత్తం వేడెక్కుతుంటే పైన ఫైర్ బ్రిక్ ఎప్పటికీ చాలినంత కాగదు. పిజ్జా పైన మాడుతుంది, అడుగు తెల్లగా పిండిలాగే ఉంటుంది. పైన గుమ్మటానికి ఇన్సులేషన్ తర్వాతైనా కప్పుకోవచ్చు. నేల కింద వదిలేస్తే ఓవెన్ మొత్తం పగలగొట్టాలి.

శ్లాబ్ మీద వరస ఇలా ఉండాలి: 5 సెం.మీ. కాల్షియం సిలికేట్ బోర్డు, లేదా 10 సెం.మీ. పెర్లైట్ (తేలికైన గుల్ల గుళికలు) కాంక్రీటు. దాని మీద జల్లించిన ఇసుక, ఫైర్ క్లే (వేడిని తట్టుకునే బంకమట్టి పొడి) సమానంగా కలిపిన పొడి, అర సెంటీమీటరు, కేవలం మట్టం కోసం. దాని మీద ఫైర్ బ్రిక్స్, మాలు లేకుండా. పెర్లైట్ కాంక్రీటు కొలత 5 పాళ్ల పెర్లైట్‌కి 1 సిమెంట్. ముందు సిమెంట్‌ని నీళ్లలో జావలా కలిపి, ఆ తర్వాత పెర్లైట్ పోసి చేత్తో మెల్లగా తిప్పండి. మిక్సర్లో వేస్తే గుళికలు నలిగి పొడవుతాయి. పిడికిలి పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలకన్నా కారకూడదు. బోర్డు వాడితే తడవకుండా చూసుకోండి, స్పాంజిలా పీలుస్తుంది. పీల్చిన నీరు దిగిపోవడానికి శ్లాబ్ పోసేటప్పుడే 12 మి.మీ. రంధ్రాలు నాలుగు వదలండి.

నేల ఇటుకల్ని 45 డిగ్రీల కోణంలో పరిస్తే పిజ్జా లోపలికి తోసే తెడ్డు అంచు కీళ్లకి (ఇటుకల మధ్య అతుకులకి) తగలదు. 1 మి.మీ. లేచిన అంచు కూడా ప్రతిసారీ తెడ్డుని పట్టేస్తుంది, పరుస్తున్నప్పుడే అరగదీయండి. ఇంకొకటి, గుమ్మటాన్ని నేల ఇటుకల మీద కాకుండా వాటి చుట్టూ కట్టండి, మధ్యలో 5 మి.మీ. వదిలి బూడిద నింపితే చాలు. ఎప్పుడైనా ఒక ఇటుక చీలితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు.

ఇటుకల లెక్క, 230 × 115 × 75 మి.మీ. సైజుకి: గుమ్మటానికి సగానికి కోసిన ముక్కలు వాడతారు, గోడ మందం 11.5 సెం.మీ. వస్తుంది. లోపలి ఉపరితలం 1.27 చదరపు మీటర్లు, ఒక్కో ముక్క ముఖం కీలుతో కలిపి 92 చదరపు సెం.మీ. అంటే 138 ముక్కలు, మూతి జాగా తీసేస్తే ఇంకా తక్కువ. 68 ఇటుకలు అనుకోండి. నేలకి కోతలతో కలిపి 32, లోపలి ఆర్చికి 12. విరిగిపోయేవాటికి పదోవంతు కలిపి 125 తెప్పించండి. బయటి ఆర్చికి మామూలు ఎర్ర ఇటుక సరిపోతుంది, అక్కడ అంత వేడి రాదు.

ఇటుకలెక్క:

మాలు సంగతి మర్చిపోయాను. 1:4 సిమెంట్ మాలు గుమ్మటానికి పనికిరాదు. గట్టిపడిన సిమెంట్‌లోని సున్నపు అంశం 400, 500 డిగ్రీల మధ్య నీరు కోల్పోయి విడిపోతుంది. ఓవెన్ చల్లారాక గాలిలో తేమ పీల్చి మళ్లీ ఉబ్బుతుంది. నాలుగైదు సార్లు ఇలా జరిగాక కీళ్లలోంచి మాలు పొడిగా రాలి పిజ్జా మీద పడుతుంది. వాడాల్సింది కొలత ప్రకారం 3 పాళ్లు సన్న ఇసుక, 1 సిమెంట్, 1 సున్నం, 1 ఫైర్ క్లే. ఇందులో సిమెంట్ మొదట్లో పట్టు కోసమే, అది చచ్చిపోయాక సున్నం, ఫైర్ క్లే పట్టి ఉంచుతాయి. రెడీమేడ్ రిఫ్రాక్టరీ (వేడిని తట్టుకునే) మాలు కొంటే సంచి మీద "ఎయిర్ సెట్టింగ్" అని ఉందో లేదో చూడండి. "హీట్ సెట్టింగ్" రకం గట్టిపడాలంటే కొలిమి స్థాయి వేడి కావాలి, ఇంటి ఓవెన్‌లో అది ఎప్పటికీ రాదు.

మట్టిచేయి:

పై లెక్కలన్నీ సరైనవే. అయితే గుమ్మటం ఎప్పుడూ కట్టనివాళ్లకి ఇటుక కన్నా మట్టి సులువు అని నా అభిప్రాయం. తప్పు చేస్తే తడిపి మళ్లీ వేసుకోవచ్చు. నేల, ఇన్సులేషన్, మూతి కొలత అన్నీ అవే, గుమ్మటం ఒక్కటే మారుతుంది.

బంకమట్టి 1 పాలు, గరుకు ఇసుక 2.5 నుంచి 3 పాళ్లు. ఖచ్చితమైన కొలత మీ మట్టే చెప్పాలి. రెండు పాళ్ల నుంచి నాలుగు పాళ్ల దాకా ఇసుక మార్చుకుంటూ జానెడు పలకలు చేసి నీడలో ఆరబెట్టండి. బీటలు వారిన పలకలో ఇసుక చాలలేదు. గోటితో గీకితే పొడిగా రాలే పలకలో బంక చాలలేదు. ఈ రెండింటి మధ్య గట్టిగా నిలిచిన కొలతే మీది. తడి ఎంతుండాలో తెలియాలంటే గుప్పెడంత ఉండ చేసి నడుము ఎత్తు నుంచి కింద పడేయండి. అప్పచ్చిలా చదునైతే నీరెక్కువ, ముక్కలైతే నీరు గానీ బంక గానీ తక్కువ, కొంచెం అణిగి అంచున చిన్న చీలికలొస్తే సరిగ్గా ఉంది.

అచ్చు తడి ఇసుకతో. 45 సెం.మీ. వ్యాసార్ధం అర్ధగోళానికి 0.19 ఘనపు మీటర్ల ఇసుక, అంటే 300 కిలోలకు అటూ ఇటూ. దాని మీద తడి న్యూస్ పేపర్ రెండు పొరలు అంటించండి, తర్వాత లోపల్నుంచి ఇసుక తవ్వేటప్పుడు ఎక్కడ ఆగాలో కాగితమే చెబుతుంది. మట్టి 10 సెం.మీ. మందం, దాదాపు 0.16 ఘనపు మీటర్లు, మొత్తం ఒకే రోజు. సగం ఇవాళ, సగం రేపు వేస్తే కలిసిన చోటే పగులుతుంది. ఉండల్ని ఇసుక వైపు నొక్కకండి, కింది వరస మీదకి నొక్కండి. ఇసుక వైపు నొక్కితే అచ్చు కుంగి గుమ్మటం సొట్టపోతుంది.

ఈ మొదటి పొరలో గడ్డి కలపకూడదు. లోపలి వైపు అది కాలిపోయి గుల్లలు మిగులుతాయి. బొటనవేలితో గట్టిగా నొక్కితే వేలిముద్ర మాత్రమే పడే స్థితికి వచ్చాక మూతి కోసి, ఇసుక రెండు మూడు విడతలుగా తీయండి. తొందరపడి తీస్తే నడినెత్తి కుంగుతుంది, మరీ ఆలస్యం చేస్తే మట్టి ముడుచుకుంటూ ఇసుకని కరుచుకుని పగులుతుంది. రెండో పొర 10 సెం.మీ. ఇన్సులేషన్: చిక్కటి మజ్జిగలా కలిపిన బంకమట్టి నీళ్లలో రంపపు పొట్టు గానీ గడ్డి గానీ ముంచి తీసినది. చేతిలో తేలిగ్గా ఉండాలి, బరువుగా ఉంటే మట్టి ఎక్కువైంది. చివర సున్నపు పూత.

పైన కప్పు లేకుండా మాత్రం మట్టి ఓవెన్ తలపెట్టొద్దు. సున్నం వానని కాసేపు ఆపుతుంది, సీజనంతా ఆపదు.

ఇటుకలెక్క:

@మట్టిచేయి, సులువే, ఒప్పుకుంటాను. కాకపోతే తలుపు వచ్చి ఆనే లోపలి అంచు మట్టిది అయితే తెడ్డు, తలుపు తగిలి ఏడాదిలో గుండ్రంగా అరిగిపోతుంది. మట్టి గుమ్మటమే కట్టినా ఆ ఆర్చి వరకు ఇటుకతో పెట్టుకోవాలి.

కొత్తపొయ్యి:

ఇద్దరికీ థాంక్స్ అండీ. మూతి 28కి దించాను, గొట్టం ముందుకి తెచ్చాను. గుమ్మటం ఇటుకతోనే వెళ్తాను. మూడు సందేహాలు. పై వరసలు కడుతుంటే ఇటుకలు జారి లోపల పడవా? గుమ్మటం మీద మట్టి బదులు సిరామిక్ ఫైబర్ దుప్పటి వేస్తే ఎంత మందం? ఆరబెట్టడం ఎలా?

నెమ్మదిమంట:

జారడం గురించి: నేల మధ్యలో మేకు దిగ్గొట్టి, దానికి 45 సెం.మీ. తిరిగే కడ్డీ బిగించండి. కడ్డీ చివర ఎల్ ఆకారం ఇనుప ముక్క ఉంటే అది ఇటుకని మోస్తుంది, ఎంత వంచాలో కూడా అదే చూపిస్తుంది. నాలుగైదు వరసల దాకా ఇటుకలు మాలు పట్టుతోనే నిలుస్తాయి. ఆ పైన ఒక్కో ఇటుక వెనక్కి కొక్కెం తగిలించి, తీగకి ఇంకో ఇటుక వేలాడదీస్తే చాలు. వరస చుట్టూ పూర్తయి మూసుకున్నాక దానంతట అదే నిలుస్తుంది, సగం వరసలో పని ఆపి వెళ్లడమే ప్రమాదం. ఇటుకల్ని పెట్టేముందు నీళ్లలో ఒక్కసారి ముంచండి. పొడి ఇటుక మాలులో నీరంతా లాగేస్తే పట్టు రాదు. లోపలి అంచులు దాదాపు తగులుతూ ఉండాలి, వెనక తెరుచుకున్న వి ఆకారపు సందుల్లో చిన్న ఇటుక ముక్కలు పెట్టి మాలు కూరండి. ఉత్త మాలుతో నింపితే ముడుచుకుంటుంది.

దుప్పటి 25 మి.మీ. మందంది మూడు పొరలు, ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు రాకుండా. కోసేటప్పుడు ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పోగులు కంటికి కనపడనంత సన్నగా విరిగి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కొద్దిగా నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. పైన చికెన్ మెష్ (సన్న తీగ జాలి) చుట్టి, పెర్లైట్ 8కి 1 సిమెంట్ కలిపి 3 సెం.మీ., దాని మీద ప్లాస్టర్.

ప్లాస్టర్ మాత్రం ఆరబెట్టడం అయ్యాకే. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడ. 1 లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల జాగా అడుగుతుంది. పైన ప్లాస్టర్ మూసేసి లోపల మంట పెంచితే ఆవిరి తన దారి తనే చేసుకుంటుంది, మీకు చేతి వేలంత బీట కనపడుతుంది. చివరి ఇటుక పెట్టాక కనీసం ఒక వారం తడి గోనె కప్పి ఉంచి, ఇంకో వారం ఊరికే ఆరనివ్వండి. తర్వాత దుప్పటి వదులుగా కప్పి చిన్న మంటలు మొదలుపెట్టండి.

మొదటి రోజు గుమ్మటం లోపలి ముఖం 100, 120 డిగ్రీలు దాటకూడదు, పుల్లలు, బొగ్గు చాలు, ఐదారు గంటలు. రోజుకి 40, 50 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ ఏడో రోజుకి 350 దాటించండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తెచ్చుకోండి, చేయి పెట్టి చూసే లెక్క కాదిది. మంట నాలుకలు గుమ్మటాన్ని తాకుతున్నాయంటే మొదటి మూడు రోజులకి అది ఎక్కువ. ఆరిందో లేదో తెలియాలంటే మంట ఉండగా దుప్పటి మీద ప్లాస్టిక్ షీటు పరిచి పావుగంట తర్వాత ఎత్తి చూడండి. షీటు కింద చెమట పట్టినట్టు బిందువులుంటే ఇంకా తడి ఉంది, రోజులు పెంచండి. బిందువులు రాని రోజు ప్లాస్టర్‌కి మేస్త్రీని పిలవొచ్చు. అయినా నడినెత్తిన ప్లాస్టర్‌లో అర అంగుళం రంధ్రం ఒకటి వదిలి, వాన నీరు పోకుండా చిన్న టోపీ పెట్టండి. ఓవెన్ ప్రతి వానాకాలం కొంత తడి తాగుతుంది.

జుట్టంత సన్నటి పగుళ్లు వచ్చి తీరతాయి, కంగారు పడకండి. వేడెక్కితే మూసుకుంటాయి. 2 మి.మీ. దాటితేనే అదే మాలు పల్చగా చేసి నింపండి.

వాడేటప్పుడు: కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండాలి. రంగు వేసిన, మందు పట్టించిన చెక్క వద్దు. వెలిగించిన కాసేపటికి గుమ్మటం నల్లగా మసి పడుతుంది. వేడి 350 దాటే కొద్దీ ఆ మసి కాలిపోయి ఇటుక మళ్లీ తెల్లబడుతుంది, ముందు నడినెత్తిన, తర్వాత పక్కలకి. నేల దగ్గరి వరస కూడా తెల్లబడ్డాక నిప్పుల్ని పక్కకి నెట్టి నేల తుడవండి. నేల 350 నుంచి 400 ఉంటే పిజ్జా రెండు మూడు నిమిషాలు. రొట్టెకి నిప్పులన్నీ లాగేసి, తలుపు మూసి అరగంట వదిలేయండి, వేడి అంతటా సర్దుకుంటుంది. 230, 250 మధ్యకి దిగాక పెట్టండి.

కొలబద్ద:

శ్లాబ్ సైజు ఎవరూ పట్టించుకోలేదు. 120 × 120 చాలదు. లోపలి వ్యాసం 90. రెండు వైపులా ఇటుక 11.5 చొప్పున 23, అంటే 113. దుప్పటి 7.5 చొప్పున 15, అంటే 128. పెర్లైట్ పూత, ప్లాస్టర్ కలిపి వైపుకి 4 చొప్పున 8, మొత్తం 136. మీ శ్లాబ్ మీద ప్లాస్టర్ గాల్లో వేలాడాలి. వెడల్పు 145 పెట్టండి. లోతు ఇంకా ఎక్కువ కావాలి: 136కి ముందు వసారా 25, దాని బయట గిన్నె దించుకునే అరుగు 20 కలిపితే 181. 185 పోయండి. గుమ్మటం, నేల ఇటుకలే అర టన్ను దాటతాయి కాబట్టి 10 మి.మీ. కడ్డీలు 15 సెం.మీ. ఎడంగా రెండు దిక్కులా వేయండి. కట్టెలు పెట్టుకునే గూడు మీద శ్లాబ్ ఆధారం లేకుండా ఉండే జాగా 1 మీటరు దాటనివ్వకండి.

ఎత్తు కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. శ్లాబ్ పైన 10 పెర్లైట్, అర ఇసుక, 7.5 ఇటుక, అంటే నేల 18 సెం.మీ. పైకి వస్తుంది. 20 సెం.మీ. బ్లాకులు నాలుగు వరసలు 80, శ్లాబ్ 12, పైన 18, మొత్తం 110. నిలబడి తెడ్డు తోసేవాళ్ల మోచేయి అంతకన్నా కిందుంటే ఒక వరస బ్లాకులు సగం ఎత్తువి పెట్టండి. పైన రేకుల కప్పు వేస్తే గొట్టానికీ చెక్క దూలాలకీ మధ్య 45 సెం.మీ. ఖాళీ వదలండి, ఒంటి పొర గొట్టం బాగా కాలుతుంది.

ఇటుకలు ముందు తెప్పించి కొలిచాకే శ్లాబ్‌కి చెక్క కొట్టించండి. 75 అని రాసినవి 72 ఉంటాయి, 65వీ వస్తుంటాయి. అప్పుడు పై లెక్కలన్నీ ఇంకోసారి వేసుకోవాలి.

కొత్తపొయ్యి:

145 × 185కి మార్చాను. ఆ సైజు పెడితే గొట్టం ఇంటి గోడ కిటికీ ముందుకి వస్తోంది, కాబట్టి మూతిని ఇంకోవైపు తిప్పి మళ్లీ గీస్తున్నాను. ఇటుకలు రేపు ఆర్డర్ చేస్తా.